సామానుల కాపురము

సికింద్రాబాదు దాటి ఉత్తరముగా సాగు పెద్దబాటకు ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి యని పేరు. కొన్నియేండ్ల క్రిందటివరకు దానికి 7వ నంబరుండెను. అప్పుడది కాశినుండి కన్యాకుమారివరకు పోవు బాట. 1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమున బయలుదేరి హైదరాబాదు చేరి, పిమ్మట నిర్మల, నాగపూరుల మీదుగా కాశికి పోయినదియు ఈ దిక్కుననే. వారు పల్లకీలతో, డేరాలతో, పెద్ద పరివారముతో పోయిరి. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యనుకొను ఆ కాలమున, ఇల్లు విడుచువారు వస్తువులను దాయాదులకో ఇరుగుపొరుగువారికో అప్పగించి, తిరిగి వచ్చిననాడు చూచుకొందమని సాగిపోవుచుండిరి. మేమును ఆ బాటనే పట్టి మొన్నటి వేసవిలో మేడ్చల్ వైపు పోయితిమి. మా యాత్ర పుణ్యమునకు గాదు. మా యింటి సామానునకు ఒక అద్దెగది చూచుటకు.

మనుష్యులకే అద్దెయిండ్లు దొరకక అలమటించు ఈ పట్టణమున సామానునకు వేరుగా అద్దెగది యేమని మా వీధిలోని వారు నవ్విరి. వారి నవ్వులో తప్పు లేదు. అవసరము తల మీదికి వచ్చువరకు మేమును అట్టి యూహ యెరుగము.

నల్లకుంటలోని మా యిల్లు మా మామగారి తండ్రిగారు కట్టించినది. నాలుగు గదులు, వెనుక పెరడు, పెరటిలో కొట్టు, వంటయింటిపై ఈ చివరనుండి ఆ చివరకు అటక. గోడలు పెచ్చులూడి, వానకాలమున మూడు చోట్ల గిన్నెలు పెట్టవలసిన స్థితి వచ్చిన పిదప, మావారును మా మరదిగారును దానిని ఒక బిల్డరునకు ఇచ్చుటకు నిశ్చయించిరి. పాతయిల్లు పడగొట్టి, అయిదంతస్తుల కట్టడము లేపి, అందు మాకు రెండు వాటాలు ఇచ్చునట్లు ఒప్పందము. గడువు 24 మాసములు. అంతవరకు మేము తలదాచుకొనుటకు నెలనెల అద్దె ఆయనయే యిచ్చును. ఆ సొమ్ముతో మావారి పాఠశాలకు దగ్గరగా అల్వాలులో రెండుగదుల వాటా తీసికొంటిమి.

ఒప్పందపు కాగితములను మేము ఆద్యంతము చదివితిమి. సిమెంటు ఎట్టిది, ఇటుక ఎట్టిది, వాకిటి తలుపు ఏ కఱ్ఱతో చేయవలెను, స్నానపుగదిలో బిళ్లలు ఎంత యెత్తున నతికింపవలెను - అన్నియు గలవు. మనుష్యులు రెండేండ్లు ఎక్కడ నుండవలెనో గలదు. మూడుతరముల సామాను ఎక్కడ నుండవలెనో ఒక్క పంక్తి లేదు. పురుషులు నలుగురు కూర్చుండి వ్రాసిన కాగితములట్లే యుండును!

వెనుకటి యిండ్లు సగము మనుష్యులకొరకును సగము వస్తువులకొరకును కట్టినవి. ధాన్యమునకు గాదె, పత్రములకు కావడిపెట్టె, చీరలకు భోషాణము, ఊరగాయలకు చీకటికొట్టు, పండుగకుగాని దిగని గంగాళములకు అటక. ఎవరైన బదిలీ మీద పోవలసివచ్చినచో పినమామగారి కొట్టులో ఒక మూల వారి పెట్టెలుండును. అడుగువారును లేరు, అద్దె పుచ్చుకొనువారును లేరు. నేడు పినమామగారి కొట్టు ఏది? వారును ఫ్లాటులోనే యున్నారు. పడకగదిలో తలపైనున్న అరలో వారి పెట్టెలకే చోటు చాలుటలేదు. మనము పెట్టెలు పంపినచో ఆ యింటి కోడలు పైకి నవ్వి లోపల నేమనుకొనునో మనకు తెలియనిది కాదు.

మార్గము చెప్పినది మా ఆడబిడ్డ. ఆమె డాలసు నగరమున నున్నది. అచ్చట ఉద్యోగము మారి ఇల్లు మారునపుడెల్ల, క్రొత్తయిల్లు కుదురువరకు సామానును అద్దెగదిలో పెట్టి, స్వయముగా తాళము వేసికొని, తాళపుచెవి తమయొద్దనే యుంచుకొందురట. ఈ పద్ధతి ఇప్పటి రూపమున 1960 దశకమున ఆ టెక్సాసు రాష్ట్రములోనే వ్యాపారముగా కుదురుకొన్నది. అయిదడుగుల చదరము, అయిదుకు పది, పదికి పది అని గదులకు కొలతలు గలవు. సామాను దాచి పెట్టుట యంతకు మున్ను లేకపోలేదు. లండనులో 1830 ప్రాంతమున 'పాంటెక్నికాన్' అను గొప్ప భవనము వెలసి, ధనవంతుల మేజాలను, కుర్చీలను, చిత్తరువులను భద్రపరచుచుండెను. అగ్ని దానినేమియు చేయజాలదని దానికి ప్రఖ్యాతి. 1874లో అగ్నికే ఆహుతియైనది. సామాను మోయు పెద్ద బండ్లకు మాత్రము ఆంగ్లేయులు చాలకాలము ఆ పేరుతోనే వ్యవహరించిరి.

ఇంటిలో మూడు దినములు చర్చ జరిగినది. మావారు లెక్కల పంతులుగారు. కాగితము తీసి వేసిరి. నూఱు చదరపుటడుగుల గదికి మాకు చెప్పిన అద్దె నెలకు 5,500 రూపాయలు. ఇరువదినాలుగు మాసములకు 1,32,000. అందులో సగపు గదికి 3,000 చొప్పున 72,000. "ఆ పాతసామాను మొత్తము అమ్మినను ఇంత రాదు. రాని సొమ్మును కాపాడుటకు ఉన్న సొమ్ము ఖర్చుచేయుదుమా?" అని వారి ప్రశ్న. లెక్క తప్పుపట్టుటకు వీలులేనిది.

అత్తగారు అంతవరకు మాటాడక కంది బేడలు ఏరుచు కూర్చుండిరి. చేట ప్రక్కకు పెట్టి, "అబ్బాయీ, నేనీ యింటికి వచ్చి యేబది మూడేండ్లు. నాతోపాటు బండిలో వచ్చినది ఆ భోషాణమొక్కటే. ఇల్లు పడగొట్టుకొనుడు, వలదనను. నేనే గదిలో నుండినను నాకొక్కటే. అదెక్కడ నున్నదో మాత్రము నాకు తెలియవలెను" అనిరి.

మావారు కలము మూసిరి. అయినను లెక్క లెక్కయే గనుక, పెద్దగది గాక సగపు గది తీసికొని, అందు పట్టినంత యుంచుకొని మిగిలినది వదలుకొందమని మేము నడుమ పడి చెప్పితిమి. దానికి ఇరువురును ఒప్పుకొనిరి.

చూడబోయిన దినము ఆదివారము. అత్తగారు తామును వత్తునని పట్టుపట్టి ఆటోలో మాతో కూర్చుండిరి. ప్యారడైజు, బోయినపల్లి, సుచిత్ర కూడలి దాటువరకు పట్టణపు రద్దీయే. కొంపల్లి వచ్చునప్పటికి పెండ్లి మంటపములు వరుసగా నగుపడును. ఇది యొకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడిన సీమ. అత్తగారు తమ చిన్నతనమున బంధువులతో వచ్చి పందిళ్ల క్రింద గుత్తులు కోసికొన్న చోటు చూపబోయి, ఎటు చూపవలెనో తెలియక చేయి దించుకొనిరి. అచ్చట మేడలున్నవి. ముందునకు పోగా కండ్లకోయవద్ద 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి తలపైనుండి దాటిపోవును. దానిని దాటినంతనే రేకుల కప్పులుగల గిడ్డంగులు మొదలగును. ఇండ్లవలె కిటికీలు లేవు, గుడులవలె గోపురములు లేవు. తెల్లనివి, నీలివి, పొడుగుపాటివి, ఒకదానిప్రక్క నొకటి. ఈ పట్టణములో మనము ఫోనులో మీట నొక్కి తెప్పించుకొను సబ్బులు, చెప్పులు, పిల్లల పుస్తకములు ముందుగా ఇట్టి చోట్లకే చేరి మన గడపకు వచ్చునట. నాగపూరునుండి వచ్చు నారింజల లారీలు, పోవు సిమెంటు లారీలు బాటనిండ నుండెను.

మేము చేరిన గిడ్డంగి వాకిట కావలివాడు మా పేర్లు వ్రాసికొని లోనికి పంపెను. బయట ఎండ నిప్పులు చెరుగుచుండగా లోపల చల్లగా, మసకగా నున్నది. నడుమ సన్నని వీధులు. ఇరువైపుల పైకి చుట్టుకొను ఇనుప తలుపులు. ప్రతిదానికి నంబరు, ప్రతిదానికి తాళము. ముందు నడచుచుండ నొక్కొక్క దీపమే తానై వెలుగును, మనము దాటిపోగానే వెనుక దీపము ఆరును. మనుష్యులు లేని ఊరివలె నున్నది. అట్టపెట్టెల వాసన, క్రొత్త రంగు వాసన తప్ప వేరు వాసన లేదు. అత్తగారు, "ఒక్క పోపు వాసనయైన లేని వీధి యిదియే చూచుట" అనిరి.

వ్యవహారము చూచు గుమాస్తా మేడ్చల్ యువకుడు, మర్యాదగలవాడు. "అమ్మా, మెల్లగ నడువుండ్రి" అని అత్తగారికి చేయూత నిచ్చి చూపెను. ఎవరెవరు వచ్చెదరని అడిగితిమి. బదిలీ మీద పోవు సైనికోద్యోగులు, రెండేండ్లు విదేశమునకు పోవు దంపతులు, ఇల్లు బాగుచేయించుకొనువారు, దస్తరములు పెట్టుకొను ఆడిటర్లు, పెండ్లి అలంకరణల వారు అని చెప్పెను. తెరచియున్న యొక గదిలో పందిరి స్తంభములును బంగారురంగు సింహాసనములు రెండును గలవు. మరియొక దానిలో ఊయలతొట్టి, దానిలో మూడుచక్రముల బండి.

వీధి చివర నొక తలుపు ముందర మాత్రము దుమ్ము పేరుకొనియున్నది. అదెవరిదని అత్తగారడిగిరి. పేరు చెప్పరాదుగాని, తల్లిదండ్రులిద్దరును పోయిన పిదప పిల్లలు విదేశమునుండి వచ్చి, పదిదినములలో ఇల్లమ్మి, సామాను ఏమి చేయవలెనో తోచక అందు పెట్టి పోయిరని గుమాస్తా చెప్పెను. అద్దె నెలతప్పక వచ్చును. తాళము తీసిన చప్పుడు మాత్రము తానిక్కడ చేరిన మూడేండ్లలో వినలేదట. అత్తగారు ఆ తలుపువంక కొంతసేపు చూచి, ఏమియు ననక, మాకు చూపనున్న గదియెక్కడ నని అడిగిరి.

మా గది రెండవ అంతస్తున, లిఫ్టునకు దగ్గరగా దొరకినది. నేల పొడిగానున్నది, గోడమూలల తడిమచ్చ లేదు, పైన నిప్పార్పు నీటిగొట్టములు గలవు. ఇవి మేము చేతితో తాకి చూచితిమి. గిడ్డంగి చూడబోవు సోదరీమణులు వానకాలమున పోయి చూచినచో ఇంకను మేలు. ఎండకాలమున ప్రతి కప్పును మంచిదే.

ఈ స్థలములు రెండు తెగలు. ఒకదానిలో వారే యింటికి వచ్చి మూటకట్టి, లెక్కవ్రాసి, తీసికొనిపోయి తమ యధీనమున నుంచుకొందురు. మనకు కావలసినప్పుడు రెండు మూడు దినములు ముందుగా చెప్పవలెను. రెండవదానిలో గది మాత్రము వారిది. తాళము మనది, పెట్టుట తీయుట మనవి. ఈ భేదమును చూడగానే మాకు తండ్రిగారియొద్ద చదివిన స్మృతిభాగము జ్ఞప్తికి వచ్చినది. మనువు చెప్పిన 18 వ్యవహారపదములలో ఋణాదానము మొదటిది, నిక్షేపము రెండవది. ఎదుట లెక్కించి యప్పగించినది నిక్షేపము. లోపల నేమున్నదో చెప్పక మూసియిచ్చినది ఉపనిధి. యాజ్ఞవల్క్యుని స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్యాఖ్య వ్రాయగా, దానిని కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెనిగించిన సంగతి మన సోదరీమణులెరిగినదే. రాజు హరించినను, దైవికమున పోయినను, దొంగలు దోచినను దాచినవాడు ఇచ్చుకొనవలసిన పనిలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను.

గుమాస్తా యిచ్చిన కాగితములో చిన్నయక్షరములలో నున్నదియు అదియే! ప్రభుత్వపు ఉత్తర్వులు, వరదలు, భూకంపములు మొదలగువానికి తాము బాధ్యులము గామని. నడుమ ఎన్నియో రాజ్యములు మారినవిగాని దాచువాని మాట మారలేదు. ఒకరి వస్తువు పుచ్చుకొని దాచువాడు, వివేకియైన సామాన్యుడు తన సొంత వస్తువును చూచుకొనునంత శ్రద్ధతో చూడవలెనని 1872 నాటి ఒప్పందముల చట్టము 151వ విభాగము చెప్పును. తాళము మనయొద్ద నున్న పద్ధతిలో వస్తువు వారికి అప్పగించినట్లో, చోటు మాత్రము అద్దెకు తీసికొన్నట్లో కాగితమును చదివి తేల్చుకొనవలెను. మా కాగితమున చోటు మాత్రమే. కావున సామానునకు బీమా వేరుగా చేయించితిమి.

బంగారము, వెండి, రొక్కము, దస్తావేజులు ఇచ్చట పెట్టనీయరు, పెట్టనిచ్చినను పెట్టరాదు. 'మృచ్ఛకటిక'మున వసంతసేన చారుదత్తునియింట నగలు దాచగా శర్విలకుడు గోడకు కన్నమువేసి ఎత్తుకొనిపోవును. ఆ నష్టము పూడ్చుటకు తన రత్నావళి తీసియిచ్చినది ఎవరు? ఆ యింటి యిల్లాలు ధూత. ఈ కథలో మగవారు చారుదత్తుని ఔదార్యమునే పొగడుదురు! నగలకు బ్యాంకు లాకరే తగినచోటు. 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన రిజర్వుబ్యాంకు నియమము ప్రకారము, అగ్నిప్రమాదము, దొంగతనము, కట్టడము కూలుట, ఉద్యోగుల మోసము అను కారణములచే లాకరులోని సొత్తు పోయినచో బ్యాంకు ఏటి అద్దెకు నూఱురెట్లవరకు ఇచ్చుకొనవలెను. అచ్చటను దైవికమునకు మినహాయింపు గలదు.

గ్యాసుబండ, కిరసనాయిలు, రంగులడబ్బాలు, ఇన్వర్టరు బ్యాటరీ కూడ వలదనిరి. తినుబండారములు అసలే కూడదు. "ఆవకాయ తినుబండారమెట్లగును? అది ఏడాది యుండునుగదా!" అని అత్తగారు వాదించిరి. గుమాస్తా నవ్వి చేతులు జోడించెను. ఆవకాయ అల్వాలునకే వచ్చినది.

సామాను తగ్గించుట మేమనుకొన్నంత కష్టము కాలేదు, అనుకొననిచోట కష్టమైనది. సోఫా, ఇనుపమంచములు, పాత టీవీ ఒక్క పూటలో పోయినవి. సోఫాకు కొన్న ధరలో అయిదవవంతు రాలేదు. ఎవరికిని కంట నీరును రాలేదు. రుబ్బురోలు పెరడున్న మా పెదనాన్నగారి యింటికి పంపితిమి. మామగారి పడకకుర్చీ మాత్రము రెండుమారులు బండిలోకెక్కి రెండుమారులు దిగినది. గుడ్డ చినిగినది, ఒక కోడు వదులు. దానిని అమ్ముదమన్న మావారే చివరకు దానిని మోసి లోనపెట్టిరి. ఆ దినమంతయు లెక్కల ప్రస్తావన తేలేదు.

మూటకట్టు విషయమున మాకు తెలిసినంత చెప్పుదుము. ఇత్తడి, రాగి పాత్రలను చింతపండుతో తోమి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, పాత నూలుచీర ముక్కలతో చుట్టవలెను. వార్తాపత్రికలతో చుట్టినచో చెమ్మపట్టి మచ్చలు దిగును. గంగాళములో బిందె, బిందెలో చెంబు పెట్టినచో చోటు కలిసివచ్చును; నడుమ గుడ్డ లేనిచో ఇఱికి రావు. ఊరగాయజాడీలను వేడినీట కడిగి నాలుగెండలు పెట్టవలెను. నూనెవాసన మిగిలినచో ఎలుక వెదకికొని వచ్చును. పందిరిమంచము విప్పినప్పుడు ఏ కోటి మేకులు ఆ కోటికే గుడ్డసంచిలో కట్టి, కోళ్లకును పట్టెలకును సుద్దతో ఒకటి రెండు అని గుర్తులు వేయవలెను. ఫ్రిజ్జును తుడిచి, ఆరబెట్టి, తలుపు కొంచెము తెరచియుంచవలెను. లేనిచో బూజు వాసన పట్టును. పుస్తకములను చిన్నపెట్టెలలోనే సర్దవలెను. పెద్దపెట్టె నిండ నింపినచో మోయువాడు దానిని దింపడు, పడవేయును. మా తండ్రిగారు తాటాకు గ్రంథములలో వస కొమ్ములు పెట్టుచుండిరి. మేమును భారతభాగవతముల పెట్టెలో వస, ఎండిన వేపాకు వేసితిమి. జరీచీరలను గిడ్డంగికి పంపలేదు. పంపదలచినవారు కలరాయుండలు జరీకి తగులకుండ చూచుకొనవలెను.

గదిలో నేలమీద నేదియు పెట్టలేదు. చెక్కపలకల అరుగులు అద్దెకిచ్చిరి. వానిమీద బరువైనవి క్రింద, తేలికవి మీద. గోడకును సామానునకును జానెడు ఎడమ. నడుమ ఒక మనిషి పోవునంత దారి. బొమ్మలపెట్టె, ఉన్నిబట్టల పెట్టె తలుపునకు దగ్గరగా నుంచితిమి. దారి విడుచుట చోటు వృథా యని కూలివాండ్రనిరి. దారిలేని గది మూసిన పెట్టెవంటిది. ఒక్క గరిటె కావలెనన్నను లోకమంత బయటపెట్టవలసి వచ్చును.

ఇక జాబితా. ప్రతి వస్తువునకు వరుససంఖ్య, పేరు, స్థితి వ్రాసి ఫొటో తీయవలెనని నియమము. గుమాస్తా ఫోనులో ఆంగ్లమున నింపబోయి "వుడెన్ బాక్సు ఒకటి" అనెను. అత్తగారడ్డుపడి, "పెట్టె గాదు బాబూ, భోషాణము. అడుగున చక్రములు గలవు. కుడివైపు మూత పగులు పాతది, మీరు చేసినది గాదని వ్రాయుము" అనిరి. అచ్చటనుండి తెలుగు జాబితా నొకదానిని మేమే వ్రాయ నారంభించితిమి. ఆమె చెప్పగా వ్రాసినది అంగడి లెక్కవలె లేదు. "పెద్ద గంగాళము: మీ మామగారి ఉపనయనమునకు కొన్నది. సొట్ట యొకటి." "కంచు గిన్నె: మా అమ్మది. మ్రోగును." "కవ్వము: పని లేదు, ఉండనీ."

విరాటపర్వమున పాండవులు మత్స్యనగరము చొచ్చుటకు ముందు తమ ఆయుధములను జమ్మిచెట్టుమీద దాచిన ఘట్టము మాకు చిన్ననాటినుండి ప్రియమైనది. ఏడాది అజ్ఞాతవాసము, ఆయుధములతో పోయినచో గుర్తుపట్టుదురు, విడిచిపోవుటకు మనసొప్పదు. శ్మశానము చెంతనున్న చెట్టును వెదకి, చూచువారు శవమని భ్రమపడి దరిజేరకుండునట్లు చేసి, దేవతలకప్పగించి పోయిరి. అంతకన్న మంచి తాళము ఏ గిడ్డంగిలోనున్నది? అయితే మా మనసును పట్టినది తరువాతి కథ. ఉత్తరుడు చెట్టెక్కి ఆయుధములు దింపునపుడు, ఈ విల్లెవరిది, ఈ కత్తి యెవరిదని వరుసగా నడుగును. బృహన్నలగా నున్న అర్జునుడు ఒక్కొక్కదాని పేరు, దాని చరిత్ర, అది యెవరిదో చెప్పును. చెప్పువాడు లేనిచో చెట్టుమీది మూటను చూచి ఉత్తరుడేమి చేయగలడు?

వ్రాయుట యగుచుండగా అత్తగారు, "అమ్మాయీ, చివర ఇంకొక గడి గీయుము" అనిరి. ఎందులకంటిమి. "ఎవరికో వ్రాయుటకు." మావారు, "రెండేండ్లలో అన్నియు మన యింటికే వచ్చునుగదా, ఇప్పుడెందులకమ్మా" అనిరి. ఆమె, "రానీ నాయనా. వచ్చిననాడు నేనే చూచుకొందును. ఆ చివరగది చూచితివిగదా, దుమ్ము పేరుకొన్నది. పాపము ఆ పిల్లలది తప్పుగాదు. ఏది యెవరిదో వారికెవరును చెప్పలేదు" అనిరి. మావారు మరి మాటాడలేదు. గడి గీసితిమి. గంగాళము మరదిగారి పెద్దకుమారునకు. కంచుగిన్నె డాలసులోని ఆడబిడ్డకు, "మోసికొనిపోగలిగినచో" అని షరతుతో. పందిరిమంచము ఎవరికిని వలదు, అమ్మి ఆ సొమ్ము పనిమనిషి కూతురి చదువునకు. భోషాణము ఎదుట గడి మాత్రము చాలసేపు ఖాళీగా నుంచి, చివరకు మా పేరు చెప్పిరి. మేము వ్రాయుచుండగా కలము కొంచెము నిలిచినది. పదునాలుగేండ్ల కాపురములో ఆ భోషాణపు తాళపుచెవి మా చేతికి వచ్చినది పండుగలనాడు మాత్రమే.

మొత్తము 47 వరుసలు. ఒక ప్రతి గిడ్డంగి గుమాస్తాకు, ఒకటి మా బీరువాలో, ఒకటి ఆడబిడ్డకు ఫోనులో. గది తలుపు దించి, తాళమువేసి, అత్తగారు తాళమును రెండుమారులు లాగి చూచిరి.

వానకాలమున రెండుమారులు పోయి చూచితిమి. భోషాణపు వెనుకవైపు కొంచెము బూజు పట్టగా తుడిచి, సున్నపు రాళ్లు చిన్నడబ్బాలో పోసి మూలనుంచితిమి, చెమ్మను పీల్చును. మావారు ప్రతినెల మొదటితేదీన అద్దె కట్టి, రసీదును లెక్కల పుస్తకములో నంటించుచున్నారు. నల్లకుంటలో పునాదులు లేచినవి. గడువునకు ముగియునా యని అడుగువారికి వారు తేదీ చెప్పుటలేదు.

సంక్రాంతి దగ్గరపడగా పిల్లలు బొమ్మలకొలువు పెట్టవలెనని పట్టుబట్టిరి. రెండుగదులలో తొమ్మిదిమెట్లు ఎక్కడ? మూడు ట్రంకుపెట్టెలను మెట్లుగా పేర్చి, పైన దుప్పటి పరచి, మూడుమెట్ల కొలువు చాలుననుకొంటిమి. భోగికి నాలుగుదినములు ముందుగా మరల కొంపల్లి బాటపట్టితిమి. దారి విడిచియుంచుట ఆనాడక్కరకు వచ్చినది. బొమ్మలపెట్టె చేతికందునట్లే యున్నది. పొణికి కఱ్ఱబొమ్మలకు పురుగు తగులలేదు. దశావతారములలో వామనుని గొడుగు మాత్రము విరిగినది. అది మా పెండ్లికి ముందు విరిగినదేనట, జాబితాలోను అట్లే యున్నది. గుమాస్తా పుస్తకము తెచ్చెను. 31వ వరుస ఎదుట తేదీ వేసి, "పండుగకు తీసికొనిపోవుచున్నాము, కనుమ మరునాడు తెత్తుము" అని మేము వ్రాయగా, అత్తగారు కండ్లద్దములు సవరించుకొని క్రింద సంతకము చేసిరి.